హైదరాబాద్ నీళ్లలో డ్వార్ఫ్ సిక్లిడ్ పిల్లలకు అక్వేరియం: ఖాళీ తొట్టి నుంచి మొదటి మూడు నెలల దాకా

సిక్లిడ్ అనగానే మన ఊళ్లో చాలామందికి గుర్తొచ్చేది ఫ్లవర్‌హార్న్, లేకపోతే ఆస్కార్. డ్వార్ఫ్ సిక్లిడ్‌లు కూడా ఆ కుటుంబంలోవే, కానీ పూర్తిగా ఎదిగినా చాలా రకాలు మన వేలు పొడవు దాటవు. షాపులో దొరికే పిల్లలైతే రెండు మూడు సెంటీమీటర్లే ఉంటాయి. ఆ వయసులో వాటికి రోగం వచ్చినా, నీళ్లు పడకపోయినా మనకు తెలిసేలోపే అయిపోతుంది. అందుకే ఈ గైడ్‌లో చేపల కంటే నీళ్ల గురించి ఎక్కువ ఉంటుంది.

నేను మొదటిసారి ఆరు రామ్ పిల్లల్ని తెచ్చింది ఒక ఏప్రిల్ ఆదివారం. ఉదయం తొట్టి కొన్నాను, మధ్యాహ్నం నీళ్లు నింపాను, సాయంత్రానికి చేపలు అందులో ఉన్నాయి. ఎనిమిదో రోజుకి ఒక్కటీ మిగల్లేదు. ఆ తర్వాత టి.డి.ఎస్. మీటర్ (నీళ్లలో కరిగిన ఉప్పు, ఖనిజాలు ఎంతున్నాయో చూపేది) కొని మా అపార్ట్‌మెంట్ సంపు నీళ్లలో ముంచితే 780 చూపించింది. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియా అనే విషాన్ని మార్చేసే బ్యాక్టీరియా తొట్టిలో అప్పటికి పుట్టనే లేదు. ఆ ఆరు పిల్లలూ నా తొందర వల్లే పోయాయి. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఏ చేప కోసం ఈ తొట్టి?

ఇది ముందే తేల్చుకోండి, ఎందుకంటే నీళ్లు దాన్ని బట్టే ఉంటాయి.

షాపుల్లో ఎక్కువగా కనిపించేది రామ్. నీలం రంగుదాన్ని జర్మన్ బ్లూ రామ్ అంటారు. పేరులో జర్మనీ ఉంది గానీ దీని సొంత ఊరు వెనెజువేలా, కొలంబియాల్లో ఒరినోకో నది చుట్టూ ఉన్న గడ్డి మైదానాలు. 1948లో మైయర్స్, హ్యారీ అనే శాస్త్రవేత్తలు దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. చేపలు సేకరించే మాన్యుయెల్ రామిరెజ్ పేరు మీద వచ్చిందే ఈ 'రామ్'. అక్కడి లోతులేని నీళ్లు వెచ్చగా, మెత్తగా ఉంటాయి, అంటే సున్నం తక్కువ. మన తొట్టిలో 27 నుంచి 29 డిగ్రీలు ఉండాలి.

రెండోది ఎపిస్టోగ్రామా, వాడుకలో అపిస్టో. దక్షిణ అమెరికాదే. కాకటువా చిలుక జుట్టులా వీపు రెక్క లేచి ఉండే కాకటూ రకం వీటన్నిట్లో గట్టిది, మొదటిసారి పెంచేవాళ్లకు నేను చెప్పేది ఇదే. 25, 26 డిగ్రీలు చాలు. మూడోది పశ్చిమ ఆఫ్రికాలోని నైజీరియా, కామెరూన్ ప్రాంతాల క్రిబెన్సిస్. ఇది కొంచెం పెద్దది, మగది 10 సెంటీమీటర్ల దాకా వస్తుంది. కొంచెం గట్టి నీళ్లయినా తట్టుకుంటుంది. ఆర్.ఓ. నీళ్లు మోసే ఓపిక మీకు లేకపోతే రామ్ జోలికి పోకండి, క్రిబెన్సిస్ తెచ్చుకోండి. చేపకీ మీకూ ఇద్దరికీ హాయి.

మీ నల్లాలో వస్తున్నది ఏ నీళ్లు?

హైదరాబాద్‌లో ఈ ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. నల్లా నీళ్లను మనం అలవాటుగా మంజీరా నీళ్లు అనేస్తాం గానీ, ఊళ్లోకి కృష్ణా నీళ్లూ వస్తాయి, గోదావరి నీళ్లూ వస్తాయి. అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కుంది. సంపులో నల్లా నీళ్లు, బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు అన్నీ కలుస్తాయి. సోమవారం 350 ఉన్న టి.డి.ఎస్. శుక్రవారం 800 అవ్వచ్చు. మనం స్నానం చేసేటప్పుడు ఆ తేడా తెలియదు, పిల్ల చేపకు మాత్రం అది పెద్ద దెబ్బ.

కాబట్టి తొట్టి కంటే ముందు కొనాల్సింది టి.డి.ఎస్. మీటర్. పెన్నులా ఉంటుంది, ఖరీదు కొన్ని వందలే. వారం రోజులు రోజూ కొలిచి కాగితం మీద రాసుకోండి. రామ్, అపిస్టో పిల్లలకు 100 నుంచి 200 మధ్య పెట్టుకుంటే బావుంటుంది. క్రిబెన్సిస్‌కి 300 వరకు ఫర్వాలేదు.

మీ నీళ్లు ఎక్కువ చూపిస్తే ఆర్.ఓ. నీళ్లతో కలపాలి. లెక్క సులువే. మీ బోరు నీళ్లు 800, ఆర్.ఓ. నీళ్లు 50 అనుకోండి. 13 లీటర్ల ఆర్.ఓ. నీళ్లకు 2 లీటర్ల బోరు నీళ్లు కలిపితే సరిగ్గా 150 వస్తుంది. కలిపాక మళ్లీ మీటర్ ముంచి చూడండి. వట్టి ఆర్.ఓ. నీళ్లు మాత్రం పోయకండి. అందులో ఖనిజాలు దాదాపు ఉండవు, పి.హెచ్. (నీళ్లు ఆమ్లమా, క్షారమా చెప్పే అంకె) నిలకడగా నిలబడదు. ఆర్.ఓ. మిషన్ పక్క గొట్టం నుంచి బయటికి పోయే నీళ్లు కూడా పనికిరావు, వడపోతలో మిగిలిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది.

పెద్ద అపార్ట్‌మెంట్లలో సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉంటుంది. "మా నీళ్లు సాఫ్ట్‌వే కదా" అని చాలామంది అంటారు. ఆ ప్లాంట్ కాల్షియం తీసేసి దాని బదులు సోడియం ఇస్తుంది. బట్టలకు, గీజర్‌కు మంచిదే. టి.డి.ఎస్. మాత్రం తగ్గదు. ఈ చేపలకు కావాల్సిన మెత్తదనం అది కాదు. వీలైతే సాఫ్ట్‌నర్‌కు ముందున్న నల్లా నుంచి పట్టుకోండి.

వర్షాకాలంలో డాబా మీద పట్టిన వాన నీళ్లు మంచివి, కానీ మొదటి మూడు నాలుగు వానలు వదిలేయండి. డాబా మీది దుమ్ము, గాలిలోని మసి అంతా వాటితోనే దిగుతుంది. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి మూత లేని బకెట్లో ఒక రోజంతా ఉంచండి, లేదా షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి. పిల్ల చేపల విషయంలో నేను రెండూ చేస్తాను.

పి.హెచ్. తగ్గించే సీసాలు షాపులో ఇస్తామంటారు, తీసుకోవద్దు. గట్టి నీళ్లలో అవి రెండు గంటలు పని చేస్తాయి, తర్వాత పి.హెచ్. మళ్లీ ఎగబాకుతుంది. పిల్లలకు రోజంతా 7.4 ఉండటం కంటే పొద్దున 6.5, సాయంత్రం 7.5 అవ్వడం ఎక్కువ ప్రమాదం. నీళ్లు మెత్తగా ఉంటే బాదం ఆకులే ఆ పని నెమ్మదిగా చేస్తాయి. వాటి గురించి కింద చెప్తాను.

తొట్టి, దాని చోటు

ఆరు పిల్లలకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు సరిపోతుంది. లోపల సుమారు 54 లీటర్లు పడతాయి. ఇవి అడుగునే తిరిగే చేపలు, కాబట్టి ఎత్తుకు డబ్బు పెట్టకండి, నేల వైశాల్యానికి పెట్టండి. గాజు 5 మిల్లీమీటర్ల కంటే పల్చగా వద్దు. నీళ్లు, ఇసుక, గాజు కలిస్తే దాదాపు 70 కిలోలు అవుతుంది. కంప్యూటర్ టేబుల్ మీద పెట్టొద్దు. అడుగున పూర్తిగా పట్టేలా థర్మాకోల్ షీట్ వేయండి.

పడమటి కిటికీ పక్కన అసలు వద్దు, ఏప్రిల్ వచ్చేసరికి నీళ్లు 33 డిగ్రీలకు పోతాయి. వంటింటి పొగ, తాలింపు ఆవిరి తగిలే చోటూ వద్దు. ఇంట్లో పెద్దవాళ్లు ఈశాన్యం మూల అంటే, అక్కడ ఎండ పడకపోతే నిశ్చింతగా అక్కడే పెట్టండి. అందరూ కూర్చునే గదిలో ఉంటే మనుషుల కదలికకు పిల్లలు త్వరగా అలవాటు పడతాయి కూడా.

ఇసుక

ఈ చేపలు తినే తీరు ఒకసారి దగ్గరగా చూడండి. మూతి ఇసుకలో గుచ్చి నోటి నిండా తీసుకుంటాయి, లోపల నమిలినట్టు కదిలించి ఆహారం మింగి, ఇసుకను మొప్పల పక్క నుంచి సన్నటి ధారలా వదిలేస్తాయి. రోజంతా అదే పని. ఆ మొప్పల గుండా గరుకు రాయి వెళ్తే ఏమవుతుందో ఆలోచించండి. రంగు రాళ్లు, పాలరాతి ముక్కలు అందుకే వద్దు.

ఇళ్లు కట్టే చోట దొరికే రోబో ఇసుక కూడా వద్దు. అది రాయిని పిండి చేసి తీసింది, అంచులు పదునుగా ఉంటాయి. సన్నటి నది ఇసుక కావాలి. పిండి జల్లెడలో పట్టి సన్నటిది తీసుకోండి. పిడికెడు ఇసుక గిన్నెలో వేసి వెనిగర్ పోయండి. బుసబుస నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు, అది నీళ్లను గట్టిపరుస్తుంది, పక్కన పెట్టేయండి. నురగ రాకపోతే బకెట్లో వేసి చేత్తో కలియబెడుతూ కడగండి. మొదట టీ రంగు నీళ్లు వస్తాయి. పది పదిహేను సార్లు మార్చాక అడుగున ఇసుక రేణువులు కనిపించేంత తేటగా వస్తాయి. అప్పుడు ఆపండి. తొట్టిలో రెండు మూడు సెంటీమీటర్ల మందం చాలు. అంతకంటే లోతుగా వేస్తే అడుగున గాలి ఆడక కుళ్లిన వాసన పుడుతుంది.

ఫిల్టర్, హీటర్, కరెంటు

పిల్లలకు స్పాంజ్ ఫిల్టర్‌ను మించింది లేదు. పవర్ ఫిల్టర్ లాగుడుకు అవి అతుక్కుపోతాయి. స్పాంజ్ మీద పెరిగే సూక్ష్మజీవుల్ని రోజంతా కొరుక్కు తింటాయి కూడా. దాన్ని నడిపే ఎయిర్ పంప్‌ను నీటి మట్టం కంటే పైన పెట్టండి, లేదా గొట్టంలో నాన్ రిటర్న్ వాల్వ్ బిగించండి. కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకి, అక్కడి నుంచి ప్లగ్‌లోకి పోయే ప్రమాదం ఉంది. ఇన్వర్టర్ లేకపోతే యు.ఎస్.బి. ఎయిర్ పంప్, పవర్ బ్యాంక్ సిద్ధంగా పెట్టుకోండి.

హీటర్ మన ఊళ్లో ఎందుకు అంటారు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో బయట 12, 13 డిగ్రీలకు పడిపోతుంది. పగలు 28, తెల్లవారుజామున 20 అయితే రామ్ పిల్లలకు తెల్ల మచ్చల జబ్బు రావడం ఖాయమనే అనుకోండి. థర్మోస్టాట్ ఉన్న 50 వాట్ల హీటర్ చాలు. పక్కన ఒక మామూలు థర్మామీటర్ కూడా ఉంచండి, హీటర్ మీది అంకెను నమ్మి కూర్చోవద్దు.

దాక్కునే చోట్లు

మంచి కొబ్బరి చిప్పలు, రంగు వేయని మట్టి ముంతలు, చిన్న పూలకుండీలు తీసుకోండి. చిప్పను పీచు లేకుండా గీకి, రెండు మూడు సార్లు నీళ్లు మార్చి ఉడికించండి. అంచున రెండు సెంటీమీటర్ల కన్నం చేసి బోర్లించండి. మీ పెద్ద వేలు పట్టేంత కన్నం అపిస్టో ఆడదానికి చాలు. చేపల సంఖ్య కంటే ఒకటి రెండు ఎక్కువే పెట్టండి, ఒకదాని తలుపు ఇంకోదానికి ఎదురుగా రాకుండా తిప్పండి. మధ్యలో ఒక చెక్క దుంగ అడ్డంగా పెడితే ఒక మూల నుంచి ఇంకో మూల కనపడదు. కనపడకపోతే తరుముకోవు.

మొక్కల్లో జావా ఫెర్న్, అనూబియస్, జావా మాస్ ఎవరి చేతిలోనైనా బతుకుతాయి. మాస్ గుబురు తప్పకుండా ఉండాలి, బలహీనమైన పిల్ల దాక్కునేది అందులోనే. పైన తేలడానికి షాపులో దొరికే అంతరతామర కొన్ని వేస్తే వెలుతురు తగ్గి చేపలు ధైర్యంగా బయటికి వస్తాయి. చెరువుల్లోంచి మొక్కలు తేవద్దు. వాటితో జలగలు, పరాన్నజీవులు, మురుగు అన్నీ వస్తాయి.

ఇక బాదం ఆకులు. మనం తినే బాదం పప్పుది కాదు. కాలనీ రోడ్ల పక్క గొడుగులా పరుచుకుని, పెద్ద ఆకులు ఎర్రబడి రాలే నాటు బాదం. చెట్టు మీంచి కోయవద్దు. రాలి, గోధుమ రంగుకు ఎండినవి ఏరండి. వాహనాల మసి లేని లోపలి వీధిలోనో పార్కులోనో దొరుకుతాయి, ఆ చెట్లకు మందు కొట్టలేదని కనుక్కోండి. బాగా కడిగి, వేడినీళ్లలో పది నిమిషాలు ఉంచి వేయండి. ఈ తొట్టికి రెండు ఆకులు చాలు. నీళ్లు పల్చటి టీ రంగులోకి వస్తాయి. చూడ్డానికి మురికిలా అనిపిస్తుందని మా ఇంట్లో మొదట ఒప్పుకోలేదు. కానీ ఆ నీడలో చేపల రంగు ఎంత బయటపడుతుందో చూశాక ఇప్పుడు మా అమ్మే గుడికి వెళ్లి వస్తూ ఆకులు ఏరుకొస్తోంది. ఆకు కుళ్లుతుంటే తీయకండి, దాని మీద పెరిగే జీవులు పిల్లలకు తిండి.

చేపలు లేని నెల

ఇక్కడే అందరూ ఓడిపోతారు. చేప విసర్జించేది అమ్మోనియా. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా స్పాంజ్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. అన్నీ అమర్చి, నీళ్లు నింపి, పంప్ నడుపుతూ రోజూ చిటికెడు చేప మేత వేయండి, లేదా చిన్న పచ్చి రొయ్య ముక్క పల్చటి గుడ్డలో కట్టి వేలాడదీయండి. తెలిసినవాళ్ల ఆరోగ్యమైన తొట్టిలోంచి వాడిన స్పాంజ్ ముక్క దొరికితే సగం రోజులు కలిసొస్తాయి.

చుక్కలు వేసి రంగు చూసే టెస్ట్ కిట్ కొనండి. మొదట అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్ పెరుగుతుంది. ఆ రెండూ సున్నాకు వచ్చి, మేత వేసిన మర్నాడు కూడా సున్నాలోనే ఉంటే తొట్టి సిద్ధం. చేపలు తెచ్చే ముందు రోజు సగం నీళ్లు మార్చేయండి.

పిల్లల్ని ఎంచడం, ఇంటికి తేవడం

ఊళ్లోకి వచ్చే రంగు చేపల్లో చాలావరకు చెన్నై కొళత్తూరు లాంటి చోట్ల నుంచి ఆక్సిజన్ కవర్లలో ప్రయాణం చేసి వస్తాయి. దిగిన రోజే కొనవద్దు. షాపులో వారం గడిచాక వెళ్లండి. మీ ఎదుటే మేత వేయమని అడగండి, తినని చేప వద్దు. పొట్ట లోపలికి పోయినవి, తెల్లటి దారంలా విసర్జించేవి, రెక్కలు ముడుచుకున్నవి ఉన్న తొట్టిలోంచి బాగున్నదాన్ని కూడా తీసుకోవద్దు. రెండు సెంటీమీటర్ల పిల్ల పెళ్లికి తయారైనట్టు మెరిసిపోతుంటే నేను అనుమానిస్తాను. ఆ వయసులో కొంచెం పాలిపోయి ఉండటమే సహజం.

ఆరు తీసుకోండి. ఆడ, మగ తేడా ఇప్పుడు తెలియదు. అపిస్టోల్లో అన్నీ మగవే రావచ్చు కూడా. గుడ్డు పెట్టిన తర్వాతి తొలి వారాల్లో నీళ్ల వేడిమి, పి.హెచ్. బట్టి మగ, ఆడ పాళ్లు మారతాయని 1996లో రోమర్, బైజెన్‌హెర్ట్స్ అనే పరిశోధకులు చూపించారు. వేడి ఎక్కువైతే మగవి ఎక్కువ.

షాపు నీళ్ల టి.డి.ఎస్. అక్కడే కొలవండి. ఇంటికొచ్చాక కవర్‌ను పది పదిహేను నిమిషాలు తొట్టిలో తేలనిచ్చి, చేపల్ని వాటి నీళ్లతో సహా చిన్న బకెట్లోకి వంపండి. ఎయిర్ గొట్టానికి ముడి వేసి, తొట్టి నీళ్లు సెకనుకు రెండు చుక్కలు పడేలా వదలండి. గంట తర్వాత వలతో చేపల్ని మాత్రమే తొట్టిలోకి మార్చండి. షాపు నీళ్లు ఒక్క చుక్క పోకూడదు. లైటు ఆపేయండి, ఆ రాత్రి మేత వద్దు.

మేత

ఈ వయసు పిల్లలకు అన్నిటికంటే మంచిది అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో బతికే రొయ్యలాంటి చిన్న జీవి. గుడ్లు డబ్బాల్లో దొరుకుతాయి. లీటరు నీళ్లలో 25 గ్రాముల కల్లుప్పు, అర టీస్పూన్ గుడ్లు వేసి, కూల్‌డ్రింక్ సీసాను తలకిందులుగా పెట్టి గాలి వదలండి. మన వాతావరణంలో 24 గంటలు, చలికాలంలో ఇంకో పన్నెండు. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలతాయి. కింద టార్చి వెలుగు చూపిస్తే నారింజ రంగు మేఘంలా పిల్లలన్నీ అక్కడికి చేరతాయి. సన్నటి గొట్టంతో లాగి, పాత కాటన్ గుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో కడిగి వేయండి. ఐదు నిమిషాల్లో ప్రతి పిల్ల పొట్టా చిన్న నారింజ గింజలా ఉబ్బుతుంది. ఏది తినలేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది. అందుకే నాకు ఈ మేత అంటే అంత ఇష్టం.

రోజుకు మూడు నాలుగు సార్లు, కొంచెం కొంచెం. ఒక పూట సన్నటి గుళికలు కూడా అలవాటు చేయండి, మీరు ఊరికి వెళ్లినప్పుడు అవే దిక్కు. మురుగు కాలువల్లో పట్టిన బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దు.

రోజువారీ పని

వారానికి రెండుసార్లు 15 శాతం నీళ్లు మార్చండి. 54 లీటర్ల తొట్టికి ఎనిమిది లీటర్లు, అంటే సగం బకెట్. అదే టి.డి.ఎస్., అదే వేడిమి, నెమ్మదిగా. ఆవిరైన నీటికి బదులు మాత్రం ఆర్.ఓ. నీళ్లే పోయాలి. ఉప్పు ఆవిరి కాదు, బోరు నీళ్లతో నింపితే టి.డి.ఎస్. పెరుగుతూ పోతుంది. స్పాంజ్‌ను పదిహేను రోజులకోసారి తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. నల్లా కింద కడిగితే బ్యాక్టీరియా చచ్చి మళ్లీ మొదటికొస్తుంది.

ఎండాకాలంలో టేబుల్ ఫ్యాన్ నీటి పైన వీచేలా పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. మూత బదులు దోమతెర బిగించండి, ఇవి దూకుతాయి. ఐసు సీసాలు నేను వాడను, ఒక్కసారిగా చల్లబడటం కూడా దెబ్బే.

దోమల స్ప్రేలు, కాయిల్స్, గోడకు పెట్టే మందులు ఆ గదిలో పూర్తిగా మానేయండి. వాటిలోని పైరెత్రాయిడ్‌లు చేపలకు విషం, ఎయిర్ పంప్ ఆ గాలినే లాగి నీళ్లలోకి కొడుతుంది. వానాకాలంలో ఫాగింగ్ బండి చప్పుడు వినగానే కిటికీలు మూసి, తొట్టి మీద తడిగుడ్డ కప్పి, పొగ పోయేదాకా పంప్ అరగంట ఆపుతాను.

మూడో నెల దాటేసరికి తరుముళ్లు మొదలవుతాయి. అపిస్టో మగదాని వీపు రెక్కలు సాగుతాయి, ఆడది పసుపు రంగుకు తిరిగి ఒక చిప్పను సొంతం చేసుకుంటుంది. రెండడుగుల తొట్టిలో ఒక మగ, రెండు ఆడవి ఉండగలవు. రామ్‌లైతే ఒక్క జంట. మిగతావాటికి ఇంకో తొట్టి, లేదా నీళ్ల సంగతి తెలిసిన స్నేహితుడి ఇల్లు ఇప్పటి నుంచే చూసి పెట్టుకోండి. రెక్కలు చిరిగి పైమూలలో నిలబడిన పిల్ల కనిపిస్తే ఆ పూటే దాన్ని వేరు చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు.